వరసలో నిలబడలేని వాళ్ళు

దగ్గరికి జరుగు అమ్మడూ, పొగ అటే కొడుతోంది. ఒరేయ్ పెద్దోడా, ఆ కొబ్బరి మట్ట కూడా వెయ్యి. ధనుర్మాసం చలికి సముద్రపు గాలి కూడా తోడైంది. శాలువా నాకొద్దు, ఆ పిల్లకి కప్పు.

మన దివిసీమ ఉప్పెన సంగతి చెప్పమన్నావు. చెప్తాను. నీ ఈడులో మీ నాన్న కూడా ఇక్కడే కూర్చుని అడిగేవాడు. అందరూ అడిగేది ఆ ఒక్క రాత్రి గురించే. నీళ్ళు ఎంతెత్తున వచ్చాయి, గాలి ఎలా అరిచింది, ఎవరు ఏ చెట్టు పట్టుకుని బతికారు అని. అది నాలుగు ముక్కల్లో చెప్పేసి, తర్వాత జరిగింది నిదానంగా చెప్తాను. నీళ్ళు తీశాక, బతికి బయటపడ్డ పసివాళ్ళూ ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ ఎన్ని గండాలు దాటారో ఎవరూ అడగరు. నేను దగ్గరుండి చూసింది అదే.

1977 నవంబరు 19, శనివారం. దీపావళి వెళ్ళి వారం దాటింది. చేలన్నీ పండి ఉన్నాయి, మాసూళ్ళకి కొడవళ్ళు నూరుకుంటున్నారు. అంతకు వారం ముందే నాగపట్నం దగ్గర ఓ తుపాను తీరం దాటింది. రేడియోలో మళ్ళీ తుపాను, మళ్ళీ తుపాను అంటుంటే జనం చెవులకి అది అలవాటైపోయింది. మనదాకా రాదులే, వచ్చినా ఓ పూట గాలీవానే కదా అనుకున్నారు. ఉప్పెన అన్న మాట నేను మా నాయనమ్మ నోట విన్నదే. 1864లో బందరుని సముద్రం ముంచేసిందనీ, ముప్ఫై వేల మంది పోయారనీ వాళ్ళ పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళట. నూరేళ్ళు దాటిన సంగతి. అది మన బతుకులో మళ్ళీ వస్తుందని ఎవరనుకుంటారు?

సాయంత్రానికి గాలి మారింది. బడి కప్పు మీద పెంకులు ఎండుటాకుల్లా లేచిపోయాయి. దక్షిణాన సముద్రం ఇరవై అడుగుల ఎత్తున లేచి కోడూరు, నాగాయలంక వైపు ఊళ్ళ మీద పడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, మూలపాలెం. ఊళ్ళకి ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు చెప్పిన లెక్క పది వేల మంది దాకా. మా వైపు ఎవర్నడిగినా అంతకు ఎన్నో రెట్లంటారు. ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్తాను, అదీ ఈ ముచ్చట్లోదే.

ఆ రాత్రి గురించి ఇంకొక్క మాట. పోయినవాళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ ఎక్కువ. మగాడు పంచె ఎగ్గట్టి తాటిచెట్టు పట్టుకోగలిగాడు, ఈతా వచ్చు. ఆడదానికి ఆరు గజాల చీర కాళ్ళకి చుట్టుకుంది. చంకలో ఒకళ్ళు, చెయ్యి పట్టుకుని ఒకళ్ళు. జుట్టు తుమ్మ కంపకి చిక్కింది. నీళ్ళు తీశాక కంపల మీద చీరలు కనిపించాయి, వాటిల్లో మనుషులూ ఉన్నారు. చెట్టెక్కడం ఆడపిల్లకి నేర్పని ఊళ్ళు మనవి. పెద్దోడా, నీ కూతురికి రేపు ఈత నేర్పించు, ఎవరేమన్నా సరే.

మా ఊరు అవనిగడ్డకి దగ్గర. గాలి దుంపతెంచింది గానీ కెరటం మాదాకా రాలేదు. నేను అప్పుడు ఆ ఊరి బళ్ళో పంతులమ్మని, ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. చెట్లు పడి రోడ్లన్నీ మూసుకుపోయాయి. కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి, టెలిఫోను తీగలు తెగిపోయాయి. దివిసీమలో ఏం జరిగిందో రెండు మూడు రోజులదాకా బయటివాళ్ళకి సరిగ్గా తెలియలేదు. తెల్లారేసరికి మాత్రం దక్షిణం నుంచి మనుషులు నడిచి రావడం మొదలైంది. ఒంటి మీద బట్ట లేనివాళ్ళున్నారు. ఏడుపు కూడా రావడం లేదు వాళ్ళకి. ఊళ్ళో పక్కా కట్టడం అంటే మా బడి ఒక్కటే, అందులోనూ రెండు గదులకే స్లాబు. హెడ్మాస్టరుగారు తాళాలు తీసేసి, బెంచీలన్నీ వరండాలోకి లాగించి, గదుల్లో గడ్డి పరిపించారు.

మొదటి పూట అందరం చేసింది ఒకటే, గంజి కాచి పొయ్యడం. పొయ్యిలోకి ఎండు పుల్ల దొరక్క బడి బల్ల ఒకటి విరగ్గొట్టారు. మధ్యాహ్నానికి హెడ్మాస్టరుగారు నన్ను పిలిచి హాజరు పట్టీ చేతికిచ్చారు. "అమ్మా, గంజి ఎవరైనా పోస్తారు. నువ్వు గేటు దగ్గర కూర్చో. పెద్దవాళ్ళు తోడు లేకుండా వచ్చిన పిల్లలందర్నీ రాయి. నీ పుస్తకంలోకి ఎక్కకుండా ఏ పిల్లా లోపలికి రాకూడదు, నీ పుస్తకంలో సంతకం లేకుండా ఏ పిల్లా బయటికి పోకూడదు" అన్నారు. అంత గోలలో ఇదేం రాతకోతల పని అని చాలామంది విసుక్కున్నారు. ఆయన వినలేదు. రజాకార్ల రోజుల్లో నైజాం సరిహద్దు దాటి బెజవాడ వైపు వచ్చిన కాందిశీకుల శిబిరాల్లో కుర్రవాడిగా పనిచేశారట. తప్పిపోయిన పిల్లలు ఎటు పోతారో ఆయనకి అక్కడే తెలిసిందట. అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు.

రాయడం అంటే తేలికనుకున్నాను. పేరేంటమ్మా అంటే "బుజ్జి" అంటుంది. నాన్న పేరు? "నాన్న." ఊరు? "మా ఊరు." ఆ వారంలో నా పుస్తకంలో బుజ్జిలు ముగ్గురు, చంటి ఇద్దరు చేరారు. అప్పుడు వేరే దారి పట్టాను. మీ ఇంటి ముందు ఏ చెట్టుంది? మీ అమ్మని పక్కింటివాళ్ళు ఏమని పిలుస్తారు? మామ్మని ఏమంటావు, అవ్వ అంటావా, పెద్దమ్మ అంటావా? మీ కుక్క పేరేంటి? పుట్టుమచ్చ ఎక్కడుందో, కాలిన మచ్చ ఎక్కడుందో, చెవులు కుట్టారో లేదో, ఒంటి మీద ఏ రంగు గుడ్డ ఉందో, ఎవరు ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చారో, అన్నీ రాశాను. గుడ్డలు తడిసి చిరిగిపోయాయని మార్చేసేవాళ్ళం గానీ, పాత గుడ్డలో ఓ ముక్క చింపి పేరు చుట్టి దాచేవాళ్ళం. ఆ ముక్కని చూసి గుర్తుపట్టిన తల్లులున్నారు.

అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్ళనీ విడదీయొద్దని ఇంకో కట్టుబాటు. మగపిల్లలు ఓ గది, ఆడపిల్లలు ఓ గది అని ఎవరో పెద్దమనిషి సర్దబోతే, ఆరేళ్ళ పిల్ల తన తమ్ముడి నడుం పట్టుకుని వదల్లేదు. ఆ రాత్రి నీళ్ళల్లో కూడా అలాగే పట్టుకుందట. "వాళ్ళని అలాగే పడుకోనివ్వండి" అన్నారు హెడ్మాస్టరుగారు.

తర్వాత వచ్చారు, పిల్లల్ని తీసుకెళ్తామనేవాళ్ళు. మంచివాళ్ళే ఎక్కువ, కాదనను. అయినా విను. రోడ్లు బాగయ్యాక ఓ కారొచ్చింది. పట్నం వాళ్ళు, మర్యాదస్తులు, గంపెడు అరటిపళ్ళు పంచారు. తొమ్మిదీ పదేళ్ళ ఆడపిల్లని చూపించి, ఈ అమ్మాయిని మాకిచ్చెయ్యండి, కన్నకూతురిలా పెంచుకుంటాం అన్నారు. వాళ్ళతో హెడ్మాస్టరుగారు "చాలా సంతోషం. అదిగో, ఆ చంటిదానికీ ఎవరూ లేరు. దాన్ని తీసుకెళ్ళండి" అన్నారు. "చంటిపిల్లని ఎవరు చూస్తారండీ, ఇంట్లో అందరం పనులకి వెళ్ళేవాళ్ళమే" అంది ఆ ఇల్లాలు. ఆ మాటతో తెలిసిపోయింది, వాళ్ళకి కావలసింది అంట్లు తోమే పిల్ల. కారు వెళ్ళిపోయింది. అరటిపళ్ళు పిల్లలు తిన్నారు.

ఇంకొకడు ఆడపిల్లకి మేనమామనంటూ వచ్చాడు. పిల్ల వాణ్ణి చూసి నా చీర కుచ్చిళ్ళ వెనక నక్కింది. "మీ చెల్లెలి చేతి మీద ఏం పచ్చబొట్టుందయ్యా?" అని అడిగాను. పిల్ల నాకు ముందే చెప్పింది, అమ్మ చేతి మీద తేలు బొమ్మ ఉంటుందని. వాడు నాన్చాడు. ఆ ఊరి మునసబునో కరణాన్నో, లేదా ఆ ఊరి మనుషులు ఇద్దర్ని తీసుకురా, వాళ్ళు వేలిముద్ర వేస్తే పంపిస్తాం అన్నాం. మళ్ళీ రాలేదు. ఏ ఉద్దేశంతో వచ్చాడో ఆ దేవుడికే తెలియాలి. నిజం మేనమామ తర్వాత వచ్చాడు. పిల్ల అసలు పేరు కూడా చెప్పలేకపోయాడు గానీ, "దానికి ఎడమ మోచేతి కింద కుంపటి తగిలి కాలిందండీ, సంక్రాంతికి నేనే పసుపు రాశాను" అన్నాడు. పుస్తకం తీసి చూశాను. ఉంది. పిల్ల అప్పటికే వాడి భుజం మీద ఉంది.

ఒక్క ముచ్చట మాత్రం ఎప్పుడు తలుచుకున్నా నాకు తేలదు. ఓ తల్లి వచ్చింది, ఇద్దరు పిల్లలూ కొట్టుకుపోయారు. ఎమర్జెన్సీ రోజుల్లో ఆపరేషన్ చేయించుకుంది. ఇక పుట్టే దారి లేదు. మా దగ్గరున్న రెండేళ్ళ పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని దించేది కాదు. వాడూ ఆవిడ దగ్గరే నిద్రపోయేవాడు. నాకిచ్చెయ్యండమ్మా అని నా కాళ్ళు పట్టుకుంది. ఇచ్చేద్దామండీ, ఇద్దరూ బతుకుతారు అని నేనే అన్నాను. హెడ్మాస్టరుగారు "దగ్గర పెట్టుకోనీ, అన్నం పెట్టనీ, పడుకోబెట్టనీ. వాడి వాళ్ళ కోసం ఇంకొన్నాళ్ళు చూద్దాం" అన్నారు. కొన్నాళ్ళకి వాడి మామ్మ వచ్చింది. ఎక్కడెక్కడి శిబిరాలు తిరిగిందో, పాదాలు పగిలి నెత్తురు కారుతున్నాయి. ఆమెకి మిగిలింది వాడొక్కడే. ఈ తల్లే వాడికి పాలు పట్టి, మొహం తుడిచి, ఆ ముసలమ్మ చేతిలో పెట్టింది. తర్వాత అలాంటి తల్లులకి మళ్ళీ ఆపరేషన్ చేసి నాళాలు కలుపుతున్నారని తెలిసి కొందరు పెద్దాసుపత్రులకి వెళ్ళారు. ఆవిడ వెళ్ళిందో లేదో.

పుల్ల కాస్త ఎగదొయ్యి. నిద్రొస్తోందా అమ్మడూ? సరే.

ఇక తిండి ముచ్చట. జనం ఆదుకోలేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. బెజవాడ, తెనాలి, గుడివాడల నుంచి పులిహోర పొట్లాలు లారీల మీద వచ్చాయి. ఎన్టీరామారావుగారూ నాగేశ్వరరావుగారూ జోలె పట్టి ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. మదర్ థెరిసా వచ్చారు. మండలి వెంకట కృష్ణారావుగారు ఈ సీమ మనిషి. మంత్రిగా ఉండి కూడా ఇక్కడి బురదలోనే తిరిగారు. ఎక్కడెక్కడి సంస్థలనో బతిమాలి తెచ్చి ఊళ్ళు మళ్ళీ నిలబెట్టించారు. పాలకాయతిప్పలో రామకృష్ణ మిషన్ వాళ్ళు, మూలపాలెంలో ఆరెస్సెస్ వాళ్ళు పక్కా ఇళ్ళు కట్టారు. కుళ్ళిన శవాలని చేతుల్తో ఎత్తి దహనం చేసిన కాలేజీ కుర్రాళ్ళ రుణం ఈ సీమ తీర్చుకోలేదు.

కానీ ఇచ్చే చెయ్యి ఎంత పెద్దదైనా, అందుకునేది ఎవరు అన్నది కూడా చూడాలి. హెలికాప్టర్ పొట్లాలు జారవిడిస్తే ముందు పరిగెత్తేది ఎవరు? కాళ్ళున్న మగాళ్ళు. లారీ ఆగితే టైరెక్కి చెయ్యి చాచేది ఎవరు? వాళ్ళే. తోపులాటలో ఓ బాలింతరాలు పడిపోతే చూశాను. కట్టు కట్టిన కాలుతో ఓ తాత మూడు పూటలు ఖాళీ చేతులతో వెనక్కి పోయాడు. చూపు లేని ముసలమ్మ ఒకావిడ వరండా చివర కూర్చునేది. లారీ వచ్చిందని వినిపిస్తుంది, వెళ్ళలేదు. ఆవిడ వంతు కోసం వెళ్ళినవాడు ఆవిడ వంతు తనే తినేశాడు. ఆకలి అలాంటిది, వాణ్ణి నేను తిట్టలేను.

అప్పుడు హెడ్మాస్టరుగారు లారీని బడి దగ్గర ఆపనివ్వడం మానేశారు. దూరంగా రావిచెట్టు కింద ఆపించేవారు. ముందు రోజు సాయంత్రమే మేం గది గదికీ, పాక పాకకీ తిరిగి చీట్లు ఇచ్చేవాళ్ళం. పాత పరీక్ష కాగితాలు చింపి, బడి ముద్ర కొట్టినవే ఆ చీట్లు. లేవలేనివాళ్ళ చీటీకి మూల మడతపెట్టేవాళ్ళం. పొట్లాలు దించగానే మొదట ఆ మూల మడిచిన చీట్లకి కుర్రాళ్ళు తీసుకెళ్ళి చేతికిచ్చి రావాలి, తర్వాతే వరస. లారీవాళ్ళు కోప్పడ్డారు, మాకు ఇంకా పది ఊళ్ళున్నాయని. ఫొటో తీసుకోవడానికి వచ్చినవాళ్ళకీ నచ్చలేదు, వరసలో జనం తక్కువ కనిపిస్తున్నారని. ఆయన మాత్రం రావిచెట్టు దగ్గర నుంచి కదల్లేదు.

కులం గొడవా వచ్చింది. అది దాచిపెట్టి చెప్తే అబద్ధం చెప్పినట్టే. ఊరంతా పోయిన రోజున కూడా, మాలపల్లి వాళ్ళున్న గదిలో మేం పడుకోం అన్నవాళ్ళున్నారు. వాళ్ళకి వేరే గిన్నెలో వండండి, వేరే వరస పెట్టండి అన్నారు. ఒక్కటే గుండిగ, ఒక్కటే గరిటె అని హెడ్మాస్టరుగారు చెప్పేశారు. ఇష్టం లేనివాళ్ళు రెండు పూటలు మాడారు, మూడో పూటకి విస్తరి పట్టుకుని వచ్చి కూర్చున్నారు. బావులన్నీ ఉప్పు కషాయమై, ట్యాంకర్లో మంచినీళ్ళు వచ్చినప్పుడూ ఇదే తగువు. అదీ అలాగే తేలింది.

ఆ లెక్క తేడా సంగతి చెప్తానన్నాను కదా. లంకల్లో, కాలవ గట్ల మీద, మడ అడవుల అంచుల్లో యానాదులు ఉండేవాళ్ళు. పీతలు పట్టుకుని, చేల దగ్గర కాపలా కాసి బతికేవాళ్ళు. ఇంటి నెంబరు లేదు, రేషన్ కార్డు లేదు. మాసూళ్ళకని, వేటకని వేరే తాలూకాల నుంచి వచ్చిన కూలీలూ ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ కరణం దగ్గరా లేవు. పుస్తకంలో లేనివాడు పోయినా పోయినట్టు రాయరు. బతికినా సాయం రాయరు. మా బడికి వాళ్ళు రాలేదు. పోలీసుల భయం ఒకటి, ఏ దొంగతనం జరిగినా ముందు వాళ్ళనే పట్టుకునేవాళ్ళు. రానిస్తారో లేదోనన్న భయం ఒకటి. కరకట్ట దిగువన పచ్చి చేపలు కాల్చుకు తింటున్నారని ఓ పశువుల కాపరి చెప్తే మేమే వెళ్ళాం. ఆరేడు కుటుంబాలు. ఓ ముసలాడికి కాలు కుళ్ళిపోయి పురుగు పట్టింది. ధనుర్వాతం సూది మందు వచ్చింది, ఊళ్ళో అందరికీ వేసి వెళ్ళిపోయారు, వీళ్ళదాకా ఎవరూ రాలేదు. నర్సమ్మని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాం. పేర్లు అడిగి రాశాను. పోయినవాళ్ళ పేర్లు కూడా చెప్పారు. ఒక్కో పేరు చెప్పి, రాశావా అమ్మా అని అడిగేవాళ్ళు. రాసింది చదివి వినిపించేదాన్ని. ఆ కాగితం తాలూకాఫీసులో ఇచ్చాం. తీసుకున్నారు.

పెద్దోడా, నువ్వు కాస్త అటు వెళ్ళి లేగదూడని కట్టేసి రా. ఇది కోడలికి చెప్పాలి.

వెళ్ళాడా. ఆడవాళ్ళ బాధలు ఎవరూ నోరు తెరిచి చెప్పరు తల్లీ. చెంబు పట్టుకెళ్ళడానికి చాటు లేదు, చెట్లన్నీ పడిపోయాయి. పగలంతా ఉగ్గబట్టుకుని, నీళ్ళు తాగడం మానేసి, చీకటి పడ్డాక వెళ్ళేవాళ్ళు. చీకట్లో పాములు. ఉప్పెనకి పుట్టల్లోంచి లేచినవన్నీ గట్ల మీదే ఉన్నాయి. పాములు ఒకటేనా. ఓ రాత్రి ఓ పిల్ల కేకేస్తూ పరిగెత్తుకొచ్చింది. ఎవడో వెంటపడ్డాడట. మర్నాడు బడి వెనక తాటాకు దడి కట్టించాం, రెండు గోతులు తీయించాం. దారిలో పెట్రోమాక్స్ లైటు వేలాడదీశాం. పిల్లల్ని పోగొట్టుకుని నిద్రపట్టని ఇద్దరు పెద్దావిడలు, మేం కూర్చుంటాం అని వాళ్ళంతట వాళ్ళే చెరో పక్కన కర్ర పట్టుకుని కూర్చున్నారు. తర్వాత కేకలు వినపడలేదు.

బయట చేరినవాళ్ళ సంగతీ అంతే. మూటల కొద్దీ పాత బట్టలు వచ్చాయి. పట్టు చీరలొచ్చాయి, సూట్లొచ్చాయి, చలికోట్లొచ్చాయి. లంగా లేదు, జాకెట్టు లేదు, నలిగిన మెత్తటి నూలు గుడ్డ లేదు. ఒంటి మీది తడిచీర ఆరేదాకా గడ్డిలో కూరుకుని కూర్చున్న ఆడపిల్లల్ని చూశాను. మేం ఆ పట్టు చీరలని పక్కన పెట్టి, నూలువన్నీ ఏరి, చింపి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మడతపెట్టి లోపలి గదిలో ఓ పెట్టెలో ఉంచాం. అడక్కుండా తీసుకోవచ్చని చెప్పాం. సాయంత్రానికి పెట్టె ఖాళీ. వచ్చిన దొరలు ఏం పంపమంటారంటే నేను అదే చెప్పాను, నూలు గుడ్డ, లంగాలు, సబ్బులు అని. ఒకాయన తల దించుకున్నాడు గానీ రాసుకున్నాడు. పంపించాడు కూడా.

పెళ్ళిళ్ళు మరో కథ. భార్యలు పోయిన మగాళ్ళకి నెల తిరక్కుండా సంబంధాలు వచ్చాయి. వంట చేసేవాళ్ళు లేరు, పిల్లల్ని చూసేవాళ్ళు లేరు, అర్థం చేసుకోగలను. కానీ పదిహేనేళ్ళ పిల్లని నలభై ఏళ్ళవాడికి కట్టబెట్టబోతే? దానికి అమ్మానాన్నా లేరు, ఎవరి నీడనో ఉండాలి కదా అన్నారు పెద్దమనుషులు. ఆ పిల్ల నా దగ్గర ఆరో క్లాసు చదివింది. హెడ్మాస్టరుగారి భార్య, ఆవిడ ఎప్పుడూ నలుగురిలోకి వచ్చి మాట్లాడేది కాదు, ఆ రోజు వచ్చి "మా ఇంట్లో ఉంటుంది, చదువుకుంటుంది" అని చెప్పి పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళకి మాత్రం ఎవరూ సంబంధాలు తేలేదు. వాళ్ళకి రావలసిన డబ్బు మరిదిగారి చేతికో మామగారి చేతికో పోయేది. కొందరి పేర్లు మేం పట్టుబట్టి వేరే రాయించాం. అందరివీ చెయ్యలేకపోయాం.

వచ్చావా, కూర్చో. లేగదూడకి గోనె కప్పావా?

తర్వాత సరుగుడు తోటలు వేశారు, తుపాను షెల్టర్లు కట్టారు. పదమూడేళ్ళకి అంత గాలీ మళ్ళీ వచ్చింది. 1990 మే 9, అదీ కృష్ణ సముద్రంలో కలిసే చోటే. ఈసారి జనం రేడియో విన్నారు. వినకపోయినా లారీలొచ్చి ఎక్కించాయి. తీరమంతా కలిపి ఐదు లక్షల మందికి పైగా ముందే ఖాళీ చేయించారు. పోయినవాళ్ళు 967 మంది. అది చిన్న లెక్క కాదు, ఒక్కో ఇంటికి ఒక్కోటీ లోకమంత. అయినా పది వేలు ఎక్కడ, అదెక్కడ. మా ఊళ్ళో మాకు ముందే పుస్తకం ఉంది. ఏ ఇంట్లో నిండు చూలాలు ఉంది, ఎవరికి కళ్ళు కనపడవు, మంచం మీంచి లేవలేనివాళ్ళు ఎవరు, చెవులు వినపడనివాళ్ళు ఎవరు, ఏటి గట్టున ఎన్ని యానాది గుడిసెలు ఉన్నాయి అన్నీ అందులో ఉన్నాయి. మొదటి ట్రిప్పు వాళ్ళదే. గట్టిగా ఉన్నవాళ్ళంతా తర్వాత నడిచి వచ్చారు. ఒకాయన గేదెని వదిలి రానని గుంజకి కరుచుకుపోతే, గేదె మెడలో తాడు విప్పి, ఇక దాని అదృష్టం దానిది అని చెప్పి ఆయన్ని మంచం మీద వేసి ఎత్తుకొచ్చారు. 77లో కట్టేసిన పశువులే ఎక్కువ చచ్చాయి మరి.

మొన్న మొన్నటి మిచాంగ్ తుపాను, 2023 డిసెంబరులో, బాపట్ల దగ్గర తీరం దాటింది కదా. ఆ ముందు రోజు రాత్రి వానలో మన వీధివాళ్ళం షెల్టరు దగ్గరికి వెళ్తే తాళం వేసి ఉంది. తాళం చెవి ఉన్న మనిషి ఊళ్ళో లేడు. లోపల ఎవరివో ఎరువు బస్తాలు. తలుపు ఊడబీకి లోపలికెళ్ళాం. పై గదికి మెట్లే గానీ ఏటవాలు బాట లేదు, నన్నూ మీ తాతయ్య చెల్లెల్నీ కుర్చీలో పెట్టి మోశారు. దొడ్డికి కింద మాత్రమే ఉంది, అదీ తలుపు లేకుండా.

రేపు పొద్దున్నే పంచాయతీకి వెళ్ళు పెద్దోడా. ఆ తాళం చెవులు రెండు చేయించమను, ఒకటి ఆ ఎదురింటివాళ్ళ దగ్గర ఉంచమను. బస్తాలు తీయించు. మెట్ల పక్కన ఏటవాలు బాటకి కాగితం పెట్టు. కింద దొడ్డి గదికి తలుపు మనమే పెట్టిద్దాం, వడ్రంగి మేస్త్రీతో నేను మాట్లాడాను. కొత్త పుస్తకం ఒకటి కొనుక్కురా, గీతలున్నది. కొత్త కాలనీలో బీహారు నుంచి చెరువుల పనికి వచ్చినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పేర్లు ఎవరి దగ్గరా లేవు. అమ్మడూ, నీకు హిందీ వచ్చు కదా, నువ్వూ నాతో రా.